శనిని చూపించిన టైంకీపర్ సారు

మా టైంకీపర్ సారు ఇక లేరు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, నేను కోరుట్ల బస్టాండు దగ్గర చాయ్ తాగుతుండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్నగారు తెల్లవారుజామున వెళ్ళిపోయారండీ" అంది. ఆ వయసులో ఆయన ప్రయాణం పెట్టుకున్నారేమో అనుకుని, "ఒక్కరే పోయిన్రా అమ్మా, తోడు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాను. అవతల ఆ అమ్మాయి ఏడ్చేసింది. అప్పుడు నాకు అర్థమైంది.

పాఠకుల్లో ఆయనను ఎరిగినవాళ్ళు ఉండరు. ఆయన పుస్తకాలు రాయలేదు, ఏ సభలోనూ శాలువా కప్పించుకోలేదు. ఖతర్‌లో ఒక కంపెనీ క్యాంపులో కూలీలకు హాజరు వేసే ఉద్యోగం చేశారు. అంతకు ముందూ ఆ తర్వాతా కోనసీమలో తన ఊరి పిల్లలకు సైన్సు చెప్పారు. మేము ముప్పై ఎనిమిది మందిమి ఆయనతో కలిసి పదిహేను నెలలు ఒకే చోట ఇరుక్కుపోయాం. ఈ నాలుగు మాటలు ఆ పదిహేను నెలల గురించే.

అది 1980. చమురు ధరలు ఎగిసి, దోహాలో ఎటు చూసినా క్రేన్లు నిలబడ్డ రోజులు. నేను ఇంటర్ తప్పి, కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ పని నేర్చుకుని విమానం ఎక్కాను. మా అమ్మ ఉత్తరం మీద చిరునామా రాయించేటప్పుడు చివర "దుబాయ్" అని తప్పకుండా రాయించేది. ఖతర్ అనేది దుబాయ్‌లో ఒక వాడ అని ఆమె నమ్మకం. మా క్యాంపు ఉమ్ సలాల్ దాటాక బండిలో ఇంకో నలభై నిమిషాలు. నీళ్ళ పంపింగ్ స్టేషనొకటి కడుతున్నాం. గోడలు భుజం ఎత్తు లేచాక, జూన్ నెలలో ఒకరోజు మా కంపెనీకీ దానికి పని ఇచ్చిన పెద్ద కంపెనీకీ మధ్య తగాదా వచ్చి పని ఆగింది. మేనేజరు సెలవు మీద వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మా పాస్‌పోర్టులు అతని బీరువాలో ఉన్నాయి. బతాకాలు, అంటే మా గుర్తింపు కార్డులు, కొత్తవి చేయిస్తామని అంతకు ముందే తీసుకెళ్ళారు. మమ్మల్ని పిలిపించుకున్న కఫీల్ సంతకం పెడితే గానీ దేశం దాటనివ్వరు. ఆ కఫీల్ ఎక్కడో విదేశాల్లో ఉన్నాడన్నారు.

మా క్యాంపు చుట్టూ కంచె లేదు, గేటు లేదు, కాపలా లేదు. ఎటు కావాలంటే అటు నడవొచ్చు. ఎటు నడిచినా ఏమీ లేదు. బతాకా లేకుండా రోడ్డెక్కితే పట్టుకుపోతారని అందరికీ తెలుసు. రెండు రోజులకొకసారి పెద్ద కంపెనీ పంపే నీళ్ళ ట్యాంకరు వచ్చేది. దాని పఠాన్ డ్రైవరే బియ్యం, పప్పు మూటలు దింపి, ఉత్తరాలుంటే ఇచ్చి పోయేవాడు. డీజిల్ తక్కువ కాబట్టి జనరేటరు సాయంత్రం రెండు గంటలే నడిచేది. మిగతా సమయమంతా రేకుల గదుల్లో పడుకుని, ఎవరి చెమట వాళ్ళు తుడుచుకుంటూ, ట్యాంకరు చప్పుడు కోసం చెవులు పెట్టుకుని ఉండేవాళ్ళం.

పని ఆగిన మర్నాడు పొద్దున సారు ఎప్పటిలాగే గడ్డం గీసుకుని, చొక్కా ప్యాంటులోకి దోపుకుని వచ్చి, గంటకు బదులు వేలాడదీసిన ఇనుప పట్టా ముక్క మీద చువ్వతో కొట్టారు. రిజిస్టరు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. మాలో కొందరు నవ్వారు. పని లేని చోట హాజరెందుకని ఒకతను అడిగాడు. "పని ఆగింది అబ్బాయ్. మనం ఆగలేదు కదా" అన్నారు. ఆయనకు పద్దెనిమిదేళ్ళవాడైనా యాభై ఏళ్ళవాడైనా "అబ్బాయే". వారం తిరిగేసరికి ఆ గంట మోగకపోతే పొద్దు పొడవనట్టే ఉండేది మాకు.

ఆయన దగ్గర చిన్న రేడియో ఉండేది. సెల్సు బలహీనపడితే వాటిని మధ్యాహ్నం రేకు మీద ఎండలో పెట్టి, మళ్ళీ కాస్త ప్రాణం తెప్పించేవారు. ఇంగ్లీషు వార్తలు విని, షట్టరింగ్ ప్లైవుడ్ మీద సున్నపు ముక్కతో బొమ్మ గీసి మాకు చెప్పేవారు. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ చెబుతుంటే ఇసుకలో ఆయన అడుగులతో ఒక దారి పడింది. ఉత్తరాలు రాయడంలో నన్ను సాయం పెట్టుకున్నారు. నేను రాసిన ప్రతి వాక్యాన్నీ చదివి, సగం కొట్టేసేవారు. ఇవాళ నేను పత్రికకు నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ కొట్టివేతల పుణ్యమే.

ఇప్పుడు గంగారాం సంగతి చెప్పాలి. జగిత్యాల పక్క పల్లె. రాడ్ బెండింగ్‌లో అతన్ని మించినవాడు లేడు. చేతులు ఆగిపోయాక మొదట కుంగింది అతనే. దసరా ముందు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. అతనిది కన్యారాశి, ఏల్నాటి శని నడుస్తోంది, అది దిగేదాకా ఏ పనీ కాదని పంతులు చెప్పాడట. ఆ ఉత్తరం చదివి వినిపించింది నేనే. గదిలో అందరూ విన్నారు. నాలుగు రోజులకు, గంగారాం శనే మొత్తం క్యాంపుకు పట్టిందని ఒకరన్నారు. ఇంకో వారానికి అతని పక్కన కూర్చుని తినడం మానేశారు. గంగారాం తన పళ్ళెం తీసుకుని సగం కట్టిన గోడ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి తినేవాడు.

సారు అది రెండు రోజులు చూశారు. మూడో రోజు తాను కూడా పళ్ళెం పట్టుకుని ఆ గోడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. మమ్మల్ని కోప్పడలేదు. నవంబరులో ఒక తెల్లవారుజామున, నీళ్ళు పట్టుకోవడానికి లేచినప్పుడు, అందరినీ బయటికి పిలిచి తూర్పు వైపు చూపించారు. కింద బాగా వెలుగుతున్నది శుక్రుడు. దానికి పైన గురుడు. గురుడి పక్కనే, కొంచెం పసుపుగా, మిణుకు లేకుండా నిలిచి ఉన్నది శని. గంగారాం తల వంచుకున్నాడు. శనిని నేరుగా చూడకూడదని అతని భయం. సారు అతని భుజం మీద చెయ్యి వేసి, అటువైపు ఒక యంత్రం పోతోందని, పేరు వాయేజర్ అని, మూడేళ్ళ కిందట బయల్దేరి బృహస్పతిని దాటి ఇప్పుడు శని దగ్గరికి చేరుతోందని చెప్పారు. అందులో మనిషి లేడు. అది పంపే కబురు మన దాకా రావడానికి దాదాపు గంటన్నర పడుతుంది.

మనిషి లేకుండా బండి ఎట్లా పోతుందని చాలామంది అడిగారు. మళ్ళీ తిరిగి ఎప్పుడొస్తుందని ఒకతను అడిగాడు. రాదని సారు చెప్పారు. అందులో మనిషి లేకపోవడమే మంచిదైందని, ఉంటే ఇంటి దగ్గర ఒక ఆడది ఎదురుచూస్తూ ఉండేదని వెనకనుంచి ఎవరో అన్నారు.

కొన్ని రోజులకు, సారు చెప్పి పంపగా, పఠాన్ డ్రైవరు దోహా నుంచి ఇంగ్లీషు పత్రిక తెచ్చాడు. మొదటి పేజీలో శని బొమ్మ. నలుపు తెలుపే, అచ్చు అలుక్కుపోయి ఉంది. అయినా ఆ గుండ్రని బంతీ, దాని చుట్టూ వలయాలూ స్పష్టంగా కనబడ్డాయి. దూరం నుంచి మూడు నాలుగు వలయాల్లా కనిపించేవి దగ్గరికి పోతే వందలకొద్దీ ఉన్నాయట. పత్రిక చేతులు మారుతూ గంగారాం దగ్గరికి వచ్చింది. అతను చాలాసేపు చూశాడు.

"గింత సక్కగున్నోడు నా ఎంబడి ఎందుకు పడ్తడు సారూ?"

"నీ వెంట పడటానికి ఆయనకు తీరికెక్కడిది అబ్బాయ్" అన్నారు సారు. "మూడేళ్ళు ప్రయాణం చేసి మనమే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాం."

ఆ పూట గంగారాం మా మధ్య కూర్చుని తిన్నాడు. ఎవరూ పక్కకు జరగలేదు. శని మీద భయం అందరికీ పోయిందని చెప్పను. ఆ బొమ్మ చూశాక ఆ మాట అతని ముఖం మీద అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

ఇక ఇష్టం లేకపోయినా రాయవలసినది రాస్తాను. సారు మా తరఫున పై ఆఫీసులకు నెలనెలా అర్జీలు రాసి, కంపెనీ టౌను ఆఫీసులో ఉండే గుమాస్తాకు పోస్టు చెయ్యమని ట్యాంకరు మీద పంపేవారు. జనవరి నుంచి వాటికి జవాబులు రావడం మొదలైంది. మీ విషయం పరిశీలనలో ఉంది, ఇంకో నెల ఓపిక పట్టండి అని. సారు వాటిని హాజరు తర్వాత చదివి తెలుగులో చెప్పేవారు. ఆ జవాబుల మీద మేము నెలలు దాటించాం. ఎండలు ముదిరాయి. జూలైలో ఒకరోజు సెల్సు తెమ్మని సారు నాకు తన పెట్టె తాళం ఇచ్చారు. సెల్సు కింద ఒక రాతపుస్తకం ఉంది. అందులో ఆ జవాబులన్నీ పెన్సిలుతో, ఆయన చేతిరాతలో, కొట్టివేతలతో సహా ఉన్నాయి. వచ్చే నెల చదవాల్సినది కూడా సగం రాసి ఉంది.

మా అర్జీలు ఎక్కడికీ చేరలేదని, అవన్నీ ఆ గుమాస్తా సొరుగులోనే పడి ఉన్నాయని తర్వాత తెలిసింది. జవాబులు రాకపోతే మేము ఏమైపోతామోనని సారు భయపడ్డారు. అప్పుడు నాకు ఇవేవీ తెలియవు. నా వయసు ఇరవై నాలుగు. కోపం పట్టలేకపోయాను. ఆయననే అడగవలసినవాణ్ణి, అడగలేదు. గది బయట కనబడిన మొదటి మనిషికి చెప్పేశాను. ఆ మనిషి గంగారాం. "అన్నా, ఆ కాయితాలన్నీ సారే రాసుకుంటున్నడు. మనకోసం ఎవ్వలూ ఏం చేస్తలేరు" అన్నాను. అతను సరేనన్నట్టు తలాడించి లోపలికి పోయాడు.

మర్నాడు హాజరులో గంగారాం పేరు పిలిస్తే జవాబు లేదు. సారు మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలవకుండా రిజిస్టరు మూసి రోడ్డు వైపు చూశారు. దక్షిణానికి అడుగులున్నాయి. మేము పదిమందిమి నీళ్ళ డబ్బాలు పట్టుకుని వాటి వెంట పోయాం. గట్టినేల వచ్చేసరికి అడుగులు కనబడలేదు. ఎండ మమ్మల్ని వెనక్కి కొట్టింది. ఆ రెండు రోజులు సారు అన్నం ముట్టలేదు. పొద్దున పేర్లు పిలుస్తూ గంగారాం పేరు దగ్గర ఆగి, అతను వచ్చి నిలబడతాడన్నట్టు తలెత్తి చూసి, తర్వాతి పేరుకు పోయేవారు.

మూడో రోజు పఠాన్ డ్రైవరు కబురు తెచ్చాడు. ఉమ్ సలాల్ దగ్గర ఖర్జూరం తోటలో పనిచేసే ఒక ముసలాయన, గంగారాం కాలవ గట్టున పడి ఉండగా చూసి నీళ్ళు పోసి బతికించాడట. అరికాళ్ళు బొబ్బలెక్కి తోలు ఊడాయి. ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు.

ఆ సాయంత్రం సారు అందరినీ కూర్చోబెట్టి, ఆ జవాబులన్నీ తానే రాశానని చెప్పారు. కారణాలు చెప్పలేదు, క్షమించమనలేదు. ఒకతను లేచి, వేలాడే పట్టా ముక్కను ఊడబీకి దూరంగా విసిరేశాడు. ఆ మర్నాటి నుంచి గంట లేదు. సారు మాత్రం అదే సమయానికి వచ్చి నిలబడి పేర్లు పిలిచేవారు. ఎవరూ పలకలేదు. ఒక్కొక్క పేరు పిలిచి, ఆ మనిషి ఎక్కడున్నాడో కళ్ళతో వెతికి, ముఖం చూసి హాజరు వేసుకునేవారు. అట్లా నెల రోజులకు పైగా. ఆ నెలంతా నేను ఆయన ముఖం చూడలేక ఒక్కోరోజు గది గోడ వెనక్కి పోయి నిలబడేవాణ్ణి. ఆయన గోడ చుట్టూ తిరిగి వచ్చి, నన్ను చూసి, రాసుకుని వెళ్ళేవారు.

ఆగస్టు ఆఖరులో రేడియో మళ్ళీ పలికింది. మొదటిదాని లాగే పంపిన రెండో వాయేజర్ శని దగ్గరికి చేరింది. పని చేస్తూ చేస్తూ, శని వెనక్కి పోయి వచ్చేసరికి, దాని కెమెరాలను తిప్పే భాగం బిగుసుకుపోయింది. కళ్ళున్నాయి గానీ తల తిరగడం లేదు. సారు ఆ ప్లైవుడ్ ముందు ఒంటరిగా నిలబడి బొమ్మ గీసుకుంటుంటే నేనే ఉండబట్టలేక దగ్గరికి పోయి అడిగాను, అది బాగవుతుందా అని.

"వాళ్ళకే తెలియదట అబ్బాయ్. నాకూ తెలియదు."

ఆ "తెలియదు" అన్న మాట మా వాళ్ళను తిరిగి తెచ్చింది. సాయంత్రానికి పదిమంది వచ్చారు, మర్నాటికి ఇంకా ఎక్కువ. అంత దూరం నుంచి దాన్ని ఎట్లా బాగుచేస్తారని అడిగారు. కొంచెం కదలమని కబురు పంపుతారు, జవాబు కోసం గంటలకొద్దీ కూర్చుంటారు, మళ్ళీ ఇంకొంచెం కదలమంటారు అని ఆయన చెప్పారు. తనకు తెలియనిచోట తెలియదనే అన్నారు. మూడు రోజుల తర్వాత రేడియో చెవికి ఆనించుకుని విని, అది కదిలిందని, పూర్తిగా బాగుపడిందో లేదో ఇంకా చెప్పలేమని అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకతను వెళ్ళి, ఇసుకలో పడి ఉన్న పట్టా ముక్కను తెచ్చి మళ్ళీ కట్టాడు.

ఆ తర్వాతి ట్యాంకరు వచ్చినప్పుడు సారు పద్నాలుగు నెలల హాజరు రిజిస్టర్లు గుడ్డలో మూటగట్టుకుని బండి దగ్గరికి వెళ్ళారు. పఠాన్ డ్రైవరు భయపడ్డాడు, తన ఉద్యోగం పోతుందన్నాడు. నడిచైనా వెళ్తానని సారు అన్నారు. గంగారాం కాళ్ళను కళ్ళారా చూసినవాడు ఆ డ్రైవరు. బండి తలుపు తెరిచాడు. బతాకా లేనివాడు కాబట్టి దోహాలో సారును ఆపి కూర్చోబెట్టారు. పదకొండు రోజులు ఆయన ఏమయ్యారో మాకు తెలియదు. పొద్దున గంట నేనే కొట్టి, పేర్లు నేనే పిలిచాను. రాయడానికి రిజిస్టరు లేక ప్లైవుడ్ మీద గీతలు పెట్టాను.

పన్నెండో రోజు ఒక జీపు వచ్చింది. అందులో ఒక అధికారి, పక్కన సారు. చొక్కా నలిగి ఉంది, గడ్డం పెరిగి ఉంది. ఆయనను అట్లా చూడటం అదే మొదటిసారి. తర్వాత తెలిసిందేమిటంటే, మా కంపెనీ ఎప్పుడో మేమంతా పారిపోయామని ప్రభుత్వానికి రాసిచ్చి చేతులు దులుపుకుంది. కాగితాల మీద ఆ క్యాంపులో మనుషులే లేరు. అధికారి రిజిస్టరు సారుకే ఇచ్చి చదవమన్నాడు. సారు పేర్లు పిలిచారు. ఆ నెలంతా నోరు విప్పని మనుషులు ఒక్కొక్కరే ముందుకొచ్చి "హాజర్ సారూ" అన్నారు. గంగారాం పేరు దగ్గర, పుండ్లు మానక ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడని సారు ఇంగ్లీషులో చెప్పారు. నా పేరు వచ్చినప్పుడు చెయ్యి ఎత్తాను. ఆయన చూసి రాసుకున్నారు.

సెప్టెంబరు చివర మా పాస్‌పోర్టులూ, దేశం దాటనిచ్చే ఖురూజ్ కాగితాలూ వచ్చాయి. గంగారాం మాతోనే, కర్ర సాయంతో విమానం ఎక్కాడు. సారు కాగితాలు ఏవో కలవక రెండు వారాలు వెనకబడ్డాయి. ఆ ఖాళీ క్యాంపులో ఆ రెండు వారాలు ఒక్కరే ఉన్నారు. ఎట్లా గడిపారని తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

నేను మళ్ళీ గల్ఫ్ ముఖం చూడలేదు. చిన్న పత్రికకు విలేకరినై, కోరుట్లలోనే బతికాను. సారు ఊళ్ళో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పారు. రెండో వాయేజర్ యురేనస్ చేరినప్పుడు ఒక కార్డు, నెప్ట్యూన్ చేరినప్పుడు ఇంకో కార్డు రాశారు. ఒక్కొక్కదాంట్లో రెండేసి వాక్యాలు. పదేళ్ళ కిందట ఆయనను చూడటానికి వెళ్ళి, మూడు దశాబ్దాలు మోసిన మాట కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. గంగారాంకు చెప్పింది నేనే అని. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"తెలుసు అబ్బాయ్. పెట్టె తాళం నీకిచ్చింది నేనే కదా. ఆ జవాబులు రాయడం ఇక నా వల్ల కాలేదు" అన్నారు. ఆ తర్వాత అన్నం తినమని లేపారు. అంతకు మించి మేమెప్పుడూ ఆ సంగతి మాట్లాడుకోలేదు.

కూతురు ఫోన్ చేసిన మర్నాటికి గానీ నేను ఆ ఊరు చేరలేకపోయాను. అప్పటికే దహనం అయిపోయింది. ముందు గదిలో చాప మీద బంధువులూ, జుట్టు నెరిసిన ఆయన శిష్యులూ కూర్చుని ఉన్నారు. వాన మొదలైంది. వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. గడియ ఉండాల్సిన చోట రెండు పాత మేకు రంధ్రాలు. ఖతర్ నుంచి వచ్చిన వారానికే వడ్రంగిని పిలిచి ఇంట్లో గడియలన్నీ తీయించేశారని, వాళ్ళమ్మ ఎంత పోట్లాడినా వినలేదని, అప్పటి నుంచి రాత్రీ పగలూ ఆ తలుపు వేయలేదని కూతురు నాకు చెప్పింది. జల్లు లోపలికి కొట్టి చాప అంచు తడుస్తోంది. పక్కింటాయన ఒకరు లేచి తలుపు దగ్గరికి వెళ్ళి రెక్క మీద చెయ్యి వేశారు. తర్వాత చెయ్యి తీసి, లోపలికి వెళ్ళి ఒక గోనెసంచి తెచ్చి, గడప లోపల తడిసిన నేల మీద పరిచి, తిరిగి వచ్చి కూర్చున్నారు.